పద్య నాటకానికి జనం రాలేదా? ప్రచారంలో లోపం ఎక్కడుందో ఇలా వెతకండి

కర్నూలులో పద్య నాటకానికి జనం లేరని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. దసరాకో శివరాత్రికో పల్లెలో నాటకం ఆడిస్తే తెల్లవార్లూ కూర్చునే మనుషులు మన జిల్లాలో ఇంకా ఉన్నారు. వాళ్ళ పిల్లలే ఇప్పుడు కల్లూరులో, సి.క్యాంపు చుట్టుపక్కల, నంద్యాల చెక్‌పోస్టు దగ్గర కాపురాలు ఉంటున్నారు. కృష్ణుడు పద్యం ఎత్తుకుంటే రెండో పాదం తామే అందుకునేవాళ్ళు వీళ్ళలో ఎంతమందో! మరి మన నాటక సమాజం ప్రదర్శన వేసినప్పుడు కుర్చీలు ఖాళీగా ఎందుకు ఉంటున్నాయంటే, చాలాసార్లు వాళ్ళకు కబురే అందడం లేదు. అందినా, ఇంట్లోంచి బయలుదేరడానికి కావలసిన సంగతి అందులో ఉండడం లేదు.

కింద చెప్పినవి చూసే ముందు ఒక పని చేయండి. వచ్చే ప్రదర్శనకు గేటు దగ్గర ఒక నోటుబుక్కుతో మనిషిని కూర్చోబెట్టండి. లోపలికి వచ్చేవాళ్ళను "మీకు ఎట్లా తెలిసింది?" అని ఒక్క మాట అడగాలి. పోస్టరు, పేపరు, ఫోనులో మెసేజీ, మైకు, ఎవరో చెప్పారు. ఈ ఐదింటి కింద గీతలు పెట్టుకుంటే చాలు. డబ్బు ఎక్కడ పెట్టాలో ఆ గీతలే చెబుతాయి. ఇది లేకుండా చేసే ప్రచారమంతా ఊహ మీద నడిచేదే.

సమస్య: ఊరంతా ఫ్లెక్సీలు కట్టాం, ఎవరూ చూసినట్టు లేదు

రాజ్ విహార్ సెంటర్లో మీ ఫ్లెక్సీ ముందు నుంచి ఒకసారి బండి మీద వెళ్ళి చూడండి. ఏం కనిపించింది? ముఖ్య అతిథి ఫోటో, పక్కన విశిష్ట అతిథులు, కింద దాతలు, అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి. ఒక్కొక్కరి కింద రెండేసి వరుసల హోదా. నాటకం పేరు మధ్యలో మెలికలు తిరిగిన అక్షరాల్లో ఇరుక్కుపోయి ఉంటుంది. తేదీ కింద మూలన. బండి మీద పోయేవాడికి దొరికేది మూడు నాలుగు సెకన్లు. అందులో అతను చూసేది మనుషుల ముఖాలు. ఏదో సన్మాన సభ అనుకుని వెళ్ళిపోతాడు.

ఫ్లెక్సీ మీద ఉండాల్సినవి: నాటకం పేరు, వేషంలో ఉన్న ఒక్క పాత్ర ఫోటో, వారంతో సహా తేదీ, సమయం, చోటు. వీటితోపాటు నటుల పేర్లు తప్పకుండా వేయాలి, ఎందుకంటే పద్య నాటకానికి వచ్చేవాళ్ళు మొదట అడిగేది "కృష్ణుడు ఎవరు? దుర్యోధనుడు ఎవరు? హార్మోనియం ఎవరు?" అని. ఆ మూడు పేర్లూ అతిథుల పేర్ల కంటే పెద్దగా ఉండాలి. మిగతావన్నీ ఆహ్వాన పత్రికలో వేసుకోవచ్చు.

దాతలు బాధపడతారన్న భయం అందరికీ ఉంటుంది. న్యాయమే, వాళ్ళ డబ్బు లేకపోతే తెర లేవదు. ముందే కూర్చుని చెప్పండి: "సార్, మీ ఫోటో హాలు గుమ్మం దగ్గర, స్టేజీ పక్కన పెద్దగా పెడతాం. ఊర్లో మాత్రం కృష్ణుణ్ణి పెడతాం." ముందే చెబితే చాలామంది ఒప్పుకుంటారు. ఫ్లెక్సీ కట్టిన తర్వాత చెబితేనే గొడవ.

కట్టే చోటు కూడా చూసుకోవాలి. బండ్లు దూసుకుపోయే చోట కంటే మనుషులు ఆగే చోట ఒక చిన్న పోస్టరు ఎక్కువ పని చేస్తుంది. టీ బంకు, బస్టాండులో బల్లల ఎదురుగా, రైతు బజారు గేటు, మందుల షాపు గోడ (అడిగి అతికించండి). కరపత్రం ఇలా ఉంటే సరిపోతుంది:

శ్రీకృష్ణ రాయబారం, పద్య నాటకం
ఆదివారం సాయంత్రం 6.30కు తెర లేస్తుంది, 9.30కు ముగుస్తుంది
టి.జి.వి. కళాక్షేత్రం, సి.క్యాంపు
ప్రవేశం ఉచితం, పిల్లలతో రండి
కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు, హార్మోనియం: నలుగురి పేర్లు

సమస్య: వాట్సాప్‌లో అందరూ దండాలు పెట్టారు, హాలుకు ఎవరూ రాలేదు

కారణం సులభం. గ్రూపులో పెట్టిన ఆహ్వానం ఎవరినీ పిలిచినట్టు కాదు. పెళ్ళికార్డు ఫోటో తీసి పంపిస్తే "ఇంటికొచ్చి పిలవలేదు, కనీసం ఫోనన్నా చేయలేదు" అనుకునే ఊరు మనది. నాటకానికి మాత్రం ఫార్వర్డ్ మెసేజీ చూసి వస్తారని ఎలా అనుకుంటాం?

ప్రతి నటుడూ, వాద్యగాడూ, మేకప్ మనిషీ తమకు బాగా తెలిసిన పది ఇళ్ళ పేర్లు రాసుకోవాలి. వారం ముందు ఫోను చేసి, "వస్తావు కదన్నా? వదినను, పిల్లోళ్ళను పిల్చుకొని రా. నేను కర్ణుడు ఏస్తున్నా" అని చెప్పాలి. ముందు రోజు సాయంత్రం ఇంకోసారి గుర్తు చేయాలి. ఆ రోజు మధ్యాహ్నం లొకేషన్ పంపాలి. ఈ పనికి పైసా ఖర్చు లేదు. గేటు దగ్గరి నోటుబుక్కులో "ఎవరో చెప్పారు" కింద పడే గీతలు చూస్తే దీని విలువ మీకే తెలుస్తుంది. ఫేస్‌బుక్ లైకులు చాలావరకు హైదరాబాదు, బెంగళూరు, అమెరికాల నుంచి మనవాళ్ళు కొట్టేవి. అవి విరాళాలకు ఉపయోగపడతాయి కానీ కుర్చీలు నింపవు.

సమస్య: మొదటి నాటకానికి హాలు నిండింది, రెండోదానికి సగం కూడా రాలేదు

దీనికి పోస్టర్లు పెంచడం మందు కాదు. మొదటిసారి వచ్చినవాళ్ళకు ఏం జరిగిందో చూడండి. కార్డు మీద ఆరు గంటలు అని ఉంది. ఆరున్నరకు జ్యోతి ప్రజ్వలన. తర్వాత ఒక్కో అతిథి మాట్లాడారు. శాలువాలు, మెమెంటోలు, ఫోటోలు. తెర లేచేసరికి ఎనిమిదిన్నర. కోడుమూరు నుంచో ఓర్వకల్లు నుంచో పిల్లలతో వచ్చిన కుటుంబం బస్సు టైము చూసుకుని తొమ్మిదిన్నరకు లేచిపోయింది. వాళ్ళు దేనికోసం వచ్చారో ఆ సీను అప్పటికి మొదలే కాలేదు. ఆ కోపం వాళ్ళు ఎవరికీ చెప్పరు. వచ్చేసారి పిలిస్తే "చూస్తాంలే" అంటారు, అంతే. రానివాళ్ళ కంటే ఇలా వచ్చి బాధపడి పోయినవాళ్ళ గురించే నాకు ఎక్కువ దిగులు.

కాబట్టి సభ సమయం, తెర లేచే సమయం వేరువేరుగా అచ్చు వేయండి. వీలైతే సభను మొదటి అంకం అయ్యాక పెట్టి, పదిహేను నిమిషాలకు కుదించండి. నాటకం చూసిన వేడిలో అతిథులు కూడా రెండు మంచి మాటలు మాట్లాడతారు. ముగిసే సమయం వేయడం మరవకండి. ఊరి బయటి నుంచి వచ్చేవాళ్ళకు అదే ముఖ్యం. వన్స్ మోర్‌లకు కూడా లెక్కలో చోటు పెట్టండి. జనం పద్యం మళ్ళీ అడుగుతుంటే టైము చూపించి ఆపడం ఈ కళకు అన్యాయం. సీను కుదించినా పరవాలేదు, వన్స్ మోర్ మాత్రం ఇవ్వాల్సిందే.

సమస్య: కుర్రవాళ్ళు ఒక్కరూ రావడం లేదు

వాళ్ళకు పద్యం ఇష్టం లేదని తేల్చేస్తాం. నిజానికి వాళ్ళు పద్యం సరిగ్గా విన్నది తక్కువ. మనం పెట్టే వీడియోలు అలా ఉంటాయి: రిహార్సల్ గదిలో ఫోను హార్మోనియం పక్కన పెడతారు, పైన ఫ్యాను తిరుగుతుంటుంది. వీడియోలో హార్మోనియం మోత, ఫ్యాను గాలి తప్ప ఒక్క మాట అర్థం కాదు. ఎనిమిది నిమిషాల ఆ వీడియోను ఎవరు చూస్తారు?

ఫ్యాను ఆపండి. ఫోను పాడేవాళ్ళకు ఎదురుగా, రెండు మూరల దూరంలో, నిలువుగా పెట్టండి. హార్మోనియం గాయకుడి వెనక్కో పక్కకో జరగాలి. ఒక్క పద్యం చాలు, నిమిషం దాటకూడదు. పద్యం అక్షరాలు తెర మీద వేసి, కింద ఒక్క వాక్యంలో భావం రాయండి. ఇద్దరు పాత్రలు ఎదురెదురుగా వాదించుకునే పద్యాలైతే ఇంకా మంచిది. భావం తెలియకపోయినా పౌరుషం తెలుస్తుంది. మేకప్ గది కూడా చూపించండి. అప్పటిదాకా కళ్ళజోడు పెట్టుకుని టీ తాగుతున్న బ్యాంకు ఉద్యోగి ముఖానికి రంగు వేసుకుని, మీసం అతికించుకుని, కిరీటం నాడా తల వెనక బిగించి లేచి నిలబడితే గదిలో అందరూ పక్కకు జరుగుతారు. అది ఏ వయసువాళ్ళైనా ఆగి చూస్తారు.

కాలేజీల్లో తెలుగు చెప్పే లెక్చరర్లను కలవండి. ఒక నటుడు, ఒక హార్మోనియం, అరగంట సమయం. రెండు పద్యాలు పాడి, ఈ కళ మన సీమలో ఎంత లోతుగా ఉందో పిల్లలకు చెప్పండి. సురభి నాటక సమాజం 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధ నాటకంతో మొదలైంది. తెలుగు నాటకంలో పాటలు, పద్యాలు స్థిరపడేలా చేసినవారిలో ముఖ్యుడైన ధర్మవరం రామకృష్ణమాచార్యులుది మన అనంతపురం వైపే. పేరుమోసిన నటుడు బళ్ళారి రాఘవ పుట్టింది తాడిపత్రిలో, 1880లో. ఇవి విన్న పిల్లల ముఖాలు మారతాయి. వెళ్ళేటప్పుడు వాళ్ళ చేతికి కరపత్రాలు ఇవ్వండి, ఇంట్లో నాయనమ్మకు చూపించమనండి. చాలా ఇళ్ళలో మనవడిని నాటకానికి తీసుకొచ్చేది ఆమే.

సమస్య: పేపర్లో వార్త రాలేదు

రెండు కారణాలు. ఒకటి, ఆ రోజు సాయంత్రం ఇచ్చి ఉంటారు. రెండోది చాలామందికి తట్టదు: డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో (అచ్చుపనికి వాడేవి, ఫోన్లలో ఉండే యూనికోడ్ తెలుగు కాదు) కొట్టించిన మ్యాటర్‌ను ఫోనులో పేస్టు చేస్తే విలేకరికి అర్థం లేని అక్షరాలు కనిపిస్తాయి. కార్డు ఫోటో పంపినా ఆయన మళ్ళీ కొత్తగా టైపు చేసుకోవాలి. పని ఒత్తిడిలో పక్కన పెట్టేస్తారు.

ఫోనులోని తెలుగు కీబోర్డుతోనే టైపు చేసి పంపండి. మొదటి వాక్యంలోనే ఏ నాటకం, ఎప్పుడు, ఎక్కడ. మొత్తం ఎనభై, వంద మాటలు మించకూడదు. వేషంలో ఉన్న ఫోటోను వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే స్పష్టత తగ్గదు. రెండు రోజుల ముందు ఒకసారి, ప్రదర్శన రోజు మొదటి సీను కాగానే ఒకసారి. నాటకం ముగిసే దాకా ఆగితే ఎడిషన్ దాటిపోతుంది. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆగస్టు 2 బళ్ళారి రాఘవ జయంతి. ఆ రోజుల్లో పేపర్లకు నాటకం వార్త కావాలి, ముందే పంపి ఉంచండి. ఆకాశవాణికి మాత్రం ఇంకా ముందుగా లేఖ ఇవ్వాలి.

సమస్య: మైకు ఆటోను ఆపేశారు

పోలీసు అనుమతి లేకుండా తిప్పి ఉంటారు. స్టేషన్లో ముందే దరఖాస్తు ఇచ్చి, కాగితం డ్రైవరు దగ్గర పెట్టండి. ఆరుబయట నాటకమైతే రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. తెల్లవార్లూ ఆడే నాటకానికి ఇది ముందే మాట్లాడుకోవాల్సిన విషయం. ఎన్నికల కోడ్ ఉంటే అనుమతులన్నీ మళ్ళీ చూసుకోవాలి.

సమస్య: అన్నీ సరిగ్గా చేశాం, అయినా రాలేదు

తేదీ చూడండి. టెన్త్, ఇంటర్ పరీక్షలప్పుడు పిల్లలున్న ఇళ్ళ నుంచి ఎవరూ కదలరు. శ్రావణంలో మంచి ముహూర్తం ఉన్న ఆదివారం పెడితే సగం ఊరు పెళ్ళిళ్ళలో ఉంటుంది. అదే ఆషాఢంలోనో మూఢంలోనో పెళ్ళిళ్ళుండవు కాబట్టి మనుషులూ, హాలూ, సౌండు సిస్టమూ అన్నీ ఖాళీగా దొరుకుతాయి. ఆదోని, కోసిగి వైపు పల్లెల్లో ఆడేటట్టయితే, మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోయినవాళ్ళు తిరిగొచ్చారో లేదో కనుక్కున్నాకే తేదీ ఖాయం చేయండి. చాలామంది ఉగాదికి ఊరు చేరతారు.