లాటిన్ 'అనస్' (బాతు) పుట్టుకను వెతకడం ఎలా?

నిఘంటువు తెరవగానే కనిపించే అనస్ ప్రథమా విభక్తి రూపం. దాన్ని పట్టుకుని వెతికితే చుట్టాలు దొరకవు. పక్కనే ఉండే షష్ఠి రూపం 'అనటిస్' రాసుకుని, చివరి 'ఇస్' తీసేయండి. మిగిలిన 'అనట్' అసలు ప్రాతిపదిక, అంటే విభక్తి ప్రత్యయం చేరని మూలరూపం. ప్రథమలో 'స్' ముందున్న 'ట్' పడిపోయింది.

ఇప్పుడు సోదర భాషల్లో బాతు మాటలు పక్కపక్కన పెట్టండి: లిథువేనియన్ ఆంటిస్, జర్మన్ ఎంటె, ప్రాచీన ఆంగ్లం ఎనెద్. ఇప్పటి ఇంగ్లిష్ 'డక్' ఈ కుటుంబం కాదు, మునగడమనే క్రియ నుంచి వచ్చింది. సంస్కృతంలో 'ఆతి' ఉంది. పురూరవుడు, ఊర్వశుల సంవాదంలో (ఋగ్వేదం 10.95) వస్తుంది. అక్కడ అర్థం నీటిపక్షి అనే రాసుకోండి, బాతు అని బిగించకండి.

'ఆతి'లో నకారమేదీ అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. జన్ + త = జాత, ఖన్ + త = ఖాత అవుతున్నాయి కదా, అదే సూత్రం: కొన్ని చోట్ల పాత నకారం సంస్కృతంలో దీర్ఘ 'ఆ'గా మారింది. పోలిక చూసి కాదు, ఇలాంటి సూత్రం దొరికాకే బంధుత్వం ఒప్పుకోవాలి.

ప్రాచీనులు చెప్పిన వ్యుత్పత్తులనూ ఇలాగే పరీక్షించండి. క్రీ.పూ. 1వ శతాబ్దపు రోమన్ పండితుడు వర్రో, ఈదడమనే అర్థమున్న 'నారె' నుంచి అనస్ వచ్చిందన్నాడు. వినడానికి బాగుంది, నిలవదు. 'నారె' మన 'స్నానం'లోని 'స్నా'కు బంధువు, మొదట్లో సకారం ఉన్న ధాతువు. బాతు మాటల్లో ఆ సకారం జాడే లేదు, పైగా మొదటి 'అ' ఎక్కడిదో చెప్పలేం.

ఒకేలా వినిపించేవాటిని వేరు చేయండి. అనస్ అనే ముస్లిం పేరు అరబ్బీ. స్పెయిన్‌లోని గ్వాడియానా నదిని రోమన్లు అనస్ అనేవారు, అదీ వేరే.

అర్థాల్లో ఒకటి తమాషాది: 'అనటికుల' అంటే బాతుపిల్ల, రోమన్ నాటకకర్త ప్లౌటస్ నాటకంలో ముద్దుపిలుపు. అనస్‌కు వారసులుగా ఇటాలియన్ 'అనత్ర', స్పానిష్ 'అనదె' మిగిలాయి. ఫ్రెంచ్ 'కనార్' ఈ జాబితాలో చేరదు.

శాస్త్రీయ నామాల్లో బాతుల కుటుంబం పేరు 'అనటిడే', అంటే ప్రాతిపదిక నుంచే కట్టారు. ప్రజాతి (జీనస్) పేరు అనస్ స్త్రీలింగం కాబట్టి విశేషణమూ అలాగే ఉంటుంది: సూదితోక బాతు 'అనస్ అకూటా', పుంలింగ రూపం అకూటుస్ కాదు. మల్లార్డ్ అనే బాతు పేరు 'అనస్ ప్లాటిరింకోస్'లో చివరి 'ఓస్' చూసి పుంలింగమనుకోకండి, గ్రీకు రూపాన్ని అలాగే ఉంచేశారు.