స్టిక్కీ నోట్స్‌తో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును ప్లాన్ చేయడం ఎలా?

మహబూబ్‌నగర్, నల్లగొండల్లో 2023లో ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. ఇలాంటి చోట ముగ్గురు నలుగురు కలిసి పని మొదలుపెడితే, మొదటి రోజే ఖరీదైన ప్రాజెక్టు టూల్ కొనక్కర్లేదు. ఒక గోడ, స్టిక్కీ నోట్స్, లావు మార్కర్ చాలు. బత్తాయి రైతులకు ఆ రోజు మార్కెట్ ధర ఫోన్‌కు పంపే యాప్ చేస్తున్నారనుకుందాం.

1. గోడ చూసుకోండి. సున్నం గోడకు నోట్ నిలవదు. పొడి జిగురుకు పట్టి, సాయంత్రానికల్లా రాలిపోతుంది. చార్ట్ అతికించి దాని మీద పెట్టండి. ఇనుప బీరువా తలుపైతే ఇంకా మంచిది. నోట్‌ను కింది నుంచి పైకి లాగితే అంచు వంకర తిరిగి ఫ్యాన్ గాలికి ఊడుతుంది. పక్క నుంచి తీయండి.

2. పనులు రాయండి. ముందు పది నిమిషాలు ఎవరికి వారే మాట్లాడకుండా రాయాలి. లేకపోతే సీనియర్ చెప్పిందే గోడ నిండా ఉంటుంది. ఒక నోట్‌కు ఒకే పని. ఉత్త ‘లాగిన్’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ‘రైతు నంబర్ కొడితే ఓటీపీ రావాలి’ అని రాయండి.

రెండు రోజుల్లో కాని పనిని ముక్కలు చేయాలి. ‘ధర చూపించడం’ తీసుకోండి. ధర ఎంటర్ చేసే స్క్రీన్, దాన్ని డేటాబేస్‌లో దాచడం, రైతుకు మెసేజ్ పంపడం. ఇలా విడగొడుతుంటే ఎవరో ఒకరు అడుగుతారు: “మార్కెట్ సెలవు రోజు ఏం చూపిద్దాం అన్నా?” అది నాలుగో నోట్. ఈ ప్రశ్న కోడ్ రాశాక వస్తే సగం పని మళ్లీ చేయాలి.

3. ఎడమ నుంచి కుడికి నాలుగు నిలువు వరుసలు గీయండి. చేయాల్సినవి, చేస్తున్నవి, టెస్టింగ్, అయిపోయినవి. ముందు చేయాల్సింది పైన ఉండాలి.

4. ‘చేస్తున్నవి’కి హద్దు పెట్టండి. చాలామంది వదిలేసేది ఇదే, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం కూడా ఇదే. ముగ్గురుంటే అక్కడ మూడు నోట్లే ఉండాలి. నాలుగోది ఎక్కాలంటే ఒకటి ముందుకు జరగాలి. జపాన్‌లో టయోటా ఫ్యాక్టరీల కాన్‌బాన్ పద్ధతి నుంచి సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన సూత్రమిది. హద్దు లేకపోతే అందరూ అన్నీ మొదలుపెడతారు, డెలివరీ రోజు ఏదీ పూర్తికాక టెన్షన్. ఎస్సెమ్మెస్ కంపెనీ అనుమతి రాలేదనో మరొకటనో పని ఆగితే, దాని మీద చిన్న ఎర్ర నోట్ అంటించి కారణం రాయండి.

5. రోజూ పొద్దున గోడ ముందు నిలబడండి. పదిహేను నిమిషాలు చాలు. కుడి చివర నుంచి మొదలుపెట్టండి, పూర్తికావచ్చిన పనులు ముందు తేలిపోతాయి. సాయంత్రం ఫోటో తీసి గ్రూపులో పెట్టండి.

టీమ్‌లో సగం మంది హైదరాబాద్ నుంచో ఇంటి నుంచో పనిచేస్తుంటే మాత్రం గోడను నమ్ముకోవద్దు. ఇవే వరుసలతో, ఇదే హద్దుతో ట్రెల్లో లాంటి ఆన్‌లైన్ బోర్డుకు మారండి.