క్యాంపర్ వ్యాన్‌లో రెండో బ్యాటరీ ఛార్జ్ అవ్వట్లేదా?

పాత వ్యాన్‌లో వెనక బ్యాటరీ, అంటే లోపల లైట్లూ గట్రా నడిపే ఆ రెండోది, ఛార్జ్ ఎక్కకపోతే వెంటనే కొత్తది కొనేయకండి, ముందు మల్టీమీటర్ తీయండి. ఇంజన్ ఆన్‌లో ఉండగా మెయిన్ బ్యాటరీ దగ్గర 14 వోల్టులు అటూఇటూ ఉండి, రెండోదాని దగ్గర మాత్రం 12.5 దాటట్లేదంటే తేడా మధ్యలోనే ఉన్నట్టు, అంటే ఫ్యూజో, రిలేనో (ఇంజన్ నడిచేటప్పుడు రెండు బ్యాటరీల్నీ కలిపే స్విచ్), ఎర్తో (బాడీకి కలిపే నెగటివ్ వైరు).

ముందు బ్యాటరీల మధ్య వైరుకి రెండు చివర్లా ఉండే ఫ్యూజులు చూసేసి రిలే దగ్గరికి రండి. రిలే టిక్కుమంది కదా బాగానే ఉందిలే అనుకుంటారు చాలామంది, కానీ ఆ సౌండ్ స్విచ్‌ని లాగే కాయిల్ పనిచేస్తోందని మాత్రమే చెప్తుంది, లోపల కరెంటు దాటించే కాంటాక్టులు మాడిపోయినా టిక్కుమంటూనే ఉంటుంది. అందుకే ఇంజన్ నడుస్తుండగా మీటర్ ఒక వైరు రిలేలో 30 నంబరు పిన్ను మీద, ఇంకోటి 87 మీద పెట్టండి, దాదాపు సున్నా రావాలి, అర వోల్టు పైన చూపిస్తే రిలే మార్చేయడమే. అసలు టిక్కే రాకపోతే కాయిల్ పిన్నులు 86, 85 మధ్య 12 వోల్టులు వస్తున్నాయా చూడండి, రాకపోతే ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి ఛార్జ్ చేసేది) నుంచి వచ్చే సన్న వైరో, లేదా 85 ఎర్తో పోయినట్టే. బాడీకి బిగించిన ఆ ఎర్త్ బోల్టు కింద పెయింటు, తుప్పు ఉంటాయి, గీకి మెరిసేలా చేసి మళ్లీ బిగించండి.

వైర్లు విప్పేముందు మాత్రం రెండు బ్యాటరీల నెగటివ్‌లూ తీసేయండి, ఒక్కటి తీస్తే సరిపోదు.