రంపపు ఈగ జాతిని, అది తినే మొక్కను గుర్తించడం ఎలా?

రంపపు ఈగ కందిరీగలకు దగ్గరి బంధువు. ఆడది రంపంలాంటి అవయవంతో ఆకును కోసి గుడ్లు పెడుతుంది, పిల్లపురుగులు ఆకులు తింటాయి. వాటిని గుర్తించడానికి పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, దగ్గరి ఫొటోలు తీసే ఫోన్, గాలాడే మూతున్న డబ్బా, తేమ మట్టి, 70–80 శాతం ఆల్కహాల్ ఉంటే చాలు.

ముందు ఆకుమీద దొరికిన పురుగు పొట్ట కింది మెత్తటి కాళ్లు లెక్కపెట్టండి. ఛాతీ దగ్గరి మూడు జతలను కలపొద్దు. ఐదు జతలు, అంతకన్నా తక్కువైతే సాధారణంగా గొంగళిపురుగు. ఆరు నుంచి ఎనిమిదైతే రంపపు ఈగ పిల్ల. దాని తలకు ఒక్కో పక్క ఒకే కంటిచుక్క ఉంటుంది. ఆకు పొరల్లో, కాడల్లో దూరి తినేవాటికి ఈ లెక్క పనికిరాదు, వాటి కాళ్లు తగ్గిపోతాయి. పైనుంచి, పక్కనుంచి, ముఖం వైపు నుంచి ఫొటోలు తీయండి. చివరి కుబుసం విడిచాక చాలా జాతుల్లో రంగు, మచ్చలు మారిపోతాయి కాబట్టి వెంటనే తీయాలి.

అసలు చిక్కు మొక్క దగ్గరే. పురుగు కనిపించిన మొక్కనే దాని ఆహారంగా రాసేస్తారు. అది తప్పు. మేత ముగించిన పురుగు మట్టి వెతుక్కుంటూ దిగి, దారిలో ఏ గడ్డిమీదైనా, గోడమీదైనా కనిపిస్తుంది. రెక్కల ఈగ పువ్వుమీద వాలేది తేనె కోసం కావచ్చు. తింటుండగా కళ్లారా చూడాలి, లేదా ఆకులో కోసి పెట్టిన గుడ్లు దొరకాలి. రెండూ లేకపోతే అదే మొక్క ఆకును డబ్బాలో వేసి, మర్నాడు కొత్త కొరుకులు, రెట్ట ఉన్నాయేమో చూడండి. తినకపోతే ఆ మొక్క కాదని తేల్చేయకండి, కుబుసం విడిచే ముందు కూడా మేత మానేస్తుంది. రెండు రకాల ఆకులు కలిపి వేస్తే రెట్టనుబట్టి ఏది తిన్నదో తెలియదు.

మొక్కను ఒక్క ఆకుతో గుర్తించలేం. ఆకుల అమరిక తెలిసేలా కొమ్మ, దొరికితే పూలు, కాయలు తీసుకోండి. మొక్కపేరు పట్టుకుని జాబితాలో పురుగును ఎంచుకోవడం మాత్రం వద్దు, విడివిడిగా తేల్చాకే కలపాలి. పురుగు పేరునూ నమ్మకండి: అథాలియా రోసే అనే రంపపు ఈగ పిల్ల తినేది పేరులోని ‘రోజా’ను, అంటే గులాబీని కాదు, ఆవాల కుటుంబం మొక్కలను.

తర్వాత డబ్బాలో ఐదు సెంటీమీటర్ల మట్టి వేసి, రోజూ తాజా ఆకు పెట్టి, గూడు కట్టాక కదపకుండా వదిలేయండి. వచ్చే ఈగకు రెండు జతల రెక్కలుంటాయి, నడుము సన్నబడదు. మీసంలో మూడే కణుపులుండి, మూడోది బారుగా ఉంటే అది రంపపు ఈగల్లో ఆర్జిడే అనే కుటుంబం. చాలా జాతులను తేల్చేది ఆడ ఈగ గుడ్లు పెట్టే రంపానికున్న పళ్లే, వాటికి మైక్రోస్కోప్ కావాలి.

పిల్లపురుగును దాచాలంటే బాగా మరిగిన నీటిలో క్షణం ముంచి ఆల్కహాల్‌లో వేయండి, నేరుగా వేస్తే నల్లబడుతుంది. చీటీమీద తేదీ, చోటు, మొక్కపేరుతోపాటు ‘తింటుండగా చూసింది’ లేక ‘మొక్కపై దొరికింది’ అని తప్పక రాయండి.