వ్యాన్ ఇంట్లో ఏసీ, హీటర్ ఎలా అమర్చుకోవాలి?

పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని, సీట్లు తీయించి, మంచాలు, చిన్న వంటగట్టు కట్టించుకుని ఇంటిల్లిపాదీ బయల్దేరాం. మొదటి రాత్రి కళింగపట్నం తీరంలో ఆగాం. మే నెల. షాపులో చెప్పిన మాట నమ్మి ఒకటిన్నర టన్నుల ఏసీ పెట్టించాం. పది నిమిషాల్లో లోపల చల్లబడింది, కంప్రెసర్ ఆగింది. కాసేపటికే ఒళ్లంతా జిగట. మళ్లీ ఆన్, మళ్లీ ఆఫ్. రాత్రి ఒంటిగంటకి బ్యాటరీలు అయిపోయాయి. మా అమ్మ తెల్లవార్లూ చీరకొంగుతో మనవరాలికి విసురుతూ కూర్చుంది. ఆ కష్టం ఇంకో కుటుంబానికి రాకూడదని ఇది రాస్తున్నాను.

మన తీరంలో ఎండ కన్నా ఉక్క ఎక్కువ బాధపెడుతుంది. ఏసీ గాలిలోని తేమని లాగేది కంప్రెసర్ తిరుగుతున్నంతసేపే. చిన్న చోటుకి పెద్ద ఏసీ పెడితే అది త్వరగా ఆగిపోతుంది. చల్లబడుతుంది గానీ తేమ పోదు. కూలర్ అయితే అసలు వద్దు. అది నీటిని గాలిలో కలిపే యంత్రం. అనంతపురం పొడి ఎండకి బాగుంటుంది, సముద్రం పక్కనున్న భావనపాడులో మాత్రం ఉక్కని ఇంకా పెంచుతుంది.

ముందు వేడిని ఆపండి

ఏసీ కొనే ముందు పైకప్పు సంగతి చూడండి. లోపలి లైనింగ్ విప్పించి, రేకుకి నైట్రైల్ రబ్బరు షీటు ఎక్కడా ఖాళీ లేకుండా అంటించండి. 19 మిల్లీమీటర్ల మందం ఉంటే మంచిది. గ్లాస్ ఊల్ చవకే, కానీ తేమ పట్టిందంటే వెనక రేకు తుప్పు పడుతుంది. బయట పైకప్పుకి తెల్ల రంగు వేయించండి. అద్దాలకి రిఫ్లెక్టివ్ షీట్లు కట్టండి, వీలైతే బయటివైపు. డ్రైవర్ సీటుకీ పడక భాగానికీ మధ్య దళసరి తెర వేలాడదీయండి. మాకు తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసింది ఆ తెరే.

బండి ఆపడానికి సరుగుడు తోట పక్క నీడ చాలా హాయి. ఉద్దానం వైపు కొబ్బరి తోటలు ఎంత ఊరించినా వాటి కింద ఆపకండి. ఒక్క కాయ పడితే పైనున్న సోలార్ ప్యానెల్ పగిలిపోతుంది.

ఎంత ఏసీ కావాలి?

ఒక టన్ను ఏసీ గంటకి 12,000 బీటీయూల వేడిని బయటికి తోస్తుంది. రబ్బరు షీటు వేసిన ట్రావెలర్‌కి 0.8 నుంచి 1 టన్ను చాలు. ఇన్వర్టర్ రకమే తీసుకోండి. చల్లబడ్డాక అది ఆగిపోకుండా వేగం తగ్గించుకుని తిరుగుతూ, తేమని లాగుతూనే ఉంటుంది. విదేశీ కారవాన్ల మీద కనిపించే రూఫ్‌టాప్ ఏసీ కుదుపులకి బాగా తట్టుకుంటుంది. కానీ 13,500 బీటీయూ రకం సుమారు 1,500 వాట్లు లాగుతుంది కాబట్టి బ్యాటరీ మీద రాత్రంతా నడపడం కష్టం. కిటికీలోంచి ఒకే గొట్టం బయటికి పెట్టే పోర్టబుల్ ఏసీ కూడా వద్దు. అది లోపలి గాలిని బయటికి తోసిన కొద్దీ, సందుల్లోంచి బయటి ఉక్కగాలి లోపలికి దూరుతుంది.

కరెంటు లెక్క కాగితం మీద వేయండి

మేము చేయనిది ఈ పనే. ఏసీ సగటున 500 వాట్లు తీసుకుంటుందనుకుందాం. 8 గంటలకి 4,000 వాట్ అవర్లు, అంటే 4 యూనిట్లు. బ్యాటరీ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌లో పోయేది కలిపితే నాలుగున్నర యూనిట్లు దాటుతుంది. 12.8 వోల్టుల, 200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో 2,560 వాట్ అవర్లు ఉంటాయి. అలాంటివి రెండు పెడితే ఒక రాత్రికి సరిగ్గా సరిపోతాయి.

ఇళ్లలో వాడే ట్యూబులర్ బ్యాటరీలు పెట్టాలనుకుంటే, అవి మన్నాలంటే సగం వరకే వాడాలి. అలా చూస్తే 200 ఆంపియర్ అవర్లవి నాలుగు కావాలి, ఆ బరువు బండికి భారం. పైగా ఛార్జ్ అవుతున్నప్పుడు వాటి నుంచి హైడ్రోజన్ వస్తుంది. పడుకునేచోట అవి ఉండకూడదు.

మళ్లీ నింపడం ఇంకో లెక్క. పైన 400 వాట్ల సోలార్ ఉంటే, ఎండ బాగున్న రోజు ఒకటిన్నర యూనిట్ల పైచిలుకు వస్తుంది. ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి 40 ఆంపియర్ల డీసీ ఛార్జర్ పెట్టుకుంటే గంట డ్రైవింగ్‌కి అర యూనిట్. నాలుగు గంటలు నడిపినా రెండూ కలిపి రాత్రి వాడినంత రాదు. అందుకే రెండో రాత్రి ప్లగ్గు దొరికే లాడ్జి దగ్గరో, చుట్టాల ఇంటి దగ్గరో ఆగేలా ముందే ప్లాన్ చేసుకోండి.

అక్కడి నుంచి కరెంటు తీసుకునేటప్పుడు 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, ఎర్తింగ్ ఉందో లేదో చూడండి. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వాడండి, చుట్ట మొత్తం విప్పి పరచండి. విప్పకుండా చుట్టలాగే ఉంచితే వేడెక్కి కరిగిపోతుంది. బండి ఒళ్లంతా ఇనుమే కాబట్టి లోపల 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి. ఇందులో రాజీ పడకండి.

బిగింపు

ఇంటి స్ప్లిట్ ఏసీని బండిలో పెడితే కుదుపులకి రాగి పైపు జాయింట్లు వదులై గ్యాస్ పోతుంది. పైపుని ఒక చుట్టు తిప్పి వదలమనండి, అవుట్‌డోర్ యూనిట్ కింద రబ్బరు బుష్‌లు వేయించండి. దాన్ని బండి కింద కాకుండా వెనక డోరు వైపు పెట్టించండి, బురద తక్కువ పడుతుంది. రాగి కండెన్సర్ ఉన్నది ఎంచుకోండి. సముద్రం దగ్గర ఆగి వచ్చిన ప్రతిసారీ పవర్ ఆపి, అవుట్‌డోర్ యూనిట్‌ని మంచినీళ్లతో నెమ్మదిగా కడగండి. ఉప్పుగాలి దాని సన్నటి రెక్కల్ని తినేస్తుంది.

సీట్లు తీసి మంచాలు వేయడం బండి రూపం మార్చడమే. పని మొదలుపెట్టే ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, ఆర్‌సీలో మార్పు రాయించుకోండి.

చలికి ఏం చేయాలి?

విజయనగరం నుంచి ఎస్.కోట మీదుగా ఘాట్ ఎక్కి అరకు వెళ్తే, డిసెంబరు, జనవరి రాత్రుల్లో 10 డిగ్రీల కిందికి దిగుతుంది. అలాంటి రాత్రులు మనకి ఏడాదికి నాలుగైదే. వాటి కోసం వేరే హీటర్ కన్నా హాట్ అండ్ కోల్డ్ ఏసీ తీసుకుంటే సరిపోతుంది. అది వేడిని పుట్టించదు, బయటి నుంచి లోపలికి మోసుకొస్తుంది కాబట్టి రాడ్ హీటర్ కన్నా చాలా తక్కువ కరెంటు తింటుంది. తరచూ కొండలకి వెళ్లేవాళ్లకి 2 కిలోవాట్ల డీజిల్ హీటర్ ఉంది. మండటానికి గాలి బయటి నుంచే తీసుకోవాలి, పొగ గొట్టం బయటికే పోవాలి. బిగించాక ఆ జాయింట్లు మీరే దగ్గరుండి చూసుకోండి.

ఒక్కమాట మాత్రం చేతులు జోడించి చెబుతున్నాను. తలుపులు వేసుకుని లోపల కుంపటి పెట్టకండి, వెచ్చదనం కోసం గ్యాస్ పొయ్యి వెలిగించకండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని నిద్రపోకండి. జనరేటర్‌ని బండిలో గానీ, బండి కింద గానీ నడపకండి. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర కారవాన్‌లో ఇద్దరు చనిపోయారు. జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికి చేరడమే కారణమని తేలింది. కుంపటి, పొయ్యి, ఇంజిన్ నుంచి కూడా వచ్చే ఆ వాయువుకి వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాళ్లకి తెలిసే దారే లేదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని, పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో బిగించండి. వంట గ్యాస్ అలారం వేరు. ఆ గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి దాన్ని నేలకి దగ్గరగా పెట్టాలి.

అన్నీ అయ్యాక తొలి రాత్రి ఎక్కడికీ వెళ్లకండి. మీ ఇంటి ముందే బండి ఆపి, అందరూ అందులోనే పడుకోండి. పడుకునే ముందు బ్యాటరీ ఎంత ఉందో రాసుకోండి, తెల్లవారాక ఎంత మిగిలిందో చూడండి. అలారం మీద టెస్ట్ బటన్ నొక్కి మోగుతోందో లేదో వినండి. ఏమైనా తేడా ఉంటే లేచి ఇంట్లోకి వెళ్లి పడుకోవచ్చు, మర్నాడు మెకానిక్‌ని పిలవచ్చు.