ఊడిన పన్ను పాలలో వేసి, ఆ నిమిషమే బయల్దేరండి

మా వాడికి 8 ఏళ్లప్పుడు, వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊళ్లో బోరు దగ్గర సిమెంటు తొట్టి మీంచి జారి పడ్డాడు. పైవరస ముందు పన్ను ఊడి మట్టిలో పడింది. "పాలపన్నేలేవే, మళ్ళీ వస్తుంది, ఇంటిమీదికి విసిరెయ్" అంది మా అమ్మ. విసరలేదు గానీ చేతిరుమాల్లో మూటగట్టాను. రక్తం ఆగింది కదా అని మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లాను. నేను చేసిన తప్పు అదే.

ముందు అది ఏ పన్నో చూడండి. 6, 7 ఏళ్లు దాటిన పిల్లలకు ముందు పళ్లు చాలావరకు శాశ్వతమైనవే. కొత్తగా వచ్చిన పన్ను వెడల్పుగా, కాస్త పసుపుగా, అంచు రంపంలా ఉంటుంది. దానంతటదే ఊడే పాలపన్నుకి వేరు దాదాపు ఉండదు. మా వాడి పన్నుకి పొడవాటి వేరుంది, చూస్తూ కూడా నాకు తట్టలేదు.

శాశ్వతమైనదైతే తెల్లగా కనిపించే భాగాన్నే పట్టుకోండి, వేరును తాకొద్దు. మట్టి ఉంటే పాలతో గానీ, కుళాయి కింద కొద్ది సెకన్లు గానీ కడగండి. రుద్దొద్దు, గుడ్డతో తుడవొద్దు. అద్దంలో పక్క పన్ను చూసుకుంటూ అదే గుంటలో నెమ్మదిగా పెట్టి, శుభ్రమైన గుడ్డ కొరికి పట్టుకోమనండి. చేతకాకపోతే చల్లటి పాలలో వేయండి. మంచినీళ్లలో నానబెట్టొద్దు, వేరు మీది కణాలు ఉబ్బి పగిలిపోతాయి. స్పృహ తప్పినా, వాంతులైనా పన్ను సంగతి తర్వాత, ముందు పెద్దాసుపత్రికి పరుగెత్తండి.

ఇంత తొందరెందుకంటే, పొడిగా గంటసేపు ఉంటే ఆ కణాలు చచ్చిపోతాయి. మా డాక్టరు పన్ను తిరిగి పెట్టి, సన్నటి తీగతో పక్క పళ్లకు రెండు వారాలు కట్టారు. రూట్ కెనాల్ కూడా చేశారు. అయినా అది ఎముకకు అతుక్కుపోయింది. డాక్టరు తన చిన్న అద్దం కాడతో తడితే పక్క పన్ను మెత్తగా 'టక్' అంటుంది, ఇది 'ఠంగ్' మంటుంది. ఇప్పుడు వాడికి 12. దవడ ఎదుగుతోంది, పన్ను అక్కడే ఆగిపోయి పొట్టిగా కనిపిస్తోంది. వేరు మెల్లగా కరిగి ఎముకగా మారుతోంది. ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) పెట్టాలన్నా ఎదుగుదల ఆగాలి, అంటే 18 దాటాలి. ఫొటో తీస్తుంటే పెదవి మూసేసుకుంటాడు. నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఊడింది పాలపన్నైతే తిరిగి పెట్టొద్దు, లోపల పెరుగుతున్న పన్ను దెబ్బతింటుంది. డాక్టరుకు మాత్రం చూపించండి. తర్వాత ఎప్పుడైనా దెబ్బతిన్న పక్క పన్ను బూడిదరంగుకు తిరిగినా, చిగురు మీద చీముపొక్కు లేచినా మళ్ళీ వెళ్లండి. ముక్క విరిగితే దాన్నీ తడిగా తీసుకెళ్లండి, చాలాసార్లు అతికించొచ్చు. ముక్క దొరక్కపోయి పెదవి తెగి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి, అది పెదవిలో గుచ్చుకుని ఉండొచ్చు.