సుంబాలో స్థలం కొనాలనుకుంటున్నారా? ముందు వక్కలు కొనండి

మాది గుంటూరు బ్రాడీపేట. ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. ఇండోనేషియాలోని సుంబా దీవికి రెండుసార్లు వెళ్లొచ్చేసరికి, అక్కడ స్థలం చవకంట కదా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు.

ప్రయాణం సులువే. బాలిలో దిగగానే 5 లక్షల రూపియాలు కట్టి 30 రోజుల వీసా తీసుకోండి. అంకె చూసి కంగారుపడొద్దు, మన డబ్బుల్లో మూడు వేలకు అటూఇటూ. అక్కడి నుంచి సుంబాలోని తంబోలకకు ఇంకో విమానం. నగదు టౌన్‌లోనే తీసుకోండి. మలేరియా ఉంది, దోమతెర మరిచిపోవద్దు.

పల్లెలో ఎత్తైన గడ్డికప్పుల ఇళ్లు, వాటి ముందే పెద్దల రాతి సమాధులు. అడక్కుండా ఫొటోలు తీయొద్దు. పెద్దాయన ఇంటికి వెళ్లేటప్పుడు సిరి పినాంగ్ పట్టుకెళ్లాలి. అంటే మన తాంబూలమే: వక్క, సున్నం, ఆకు బదులు తమలపాకు జాతి తీగకు కాసే సన్నటి కాయ. మొదటిసారి ఉత్తచేతులతో వెళ్లి సిగ్గుపడ్డాను.

ఇక భూమి. 1960 నాటి చట్టం ప్రకారం పూర్తి హక్కు, అంటే హక్ మిలిక్, ఇండోనేషియా పౌరులకే. నివాస అనుమతి ఉన్న విదేశీయులకు గడువుతో వాడుకునే హక్కు దొరుకుతుంది. స్థానికుడి పేరు మీద బినామీగా కొంటే అది చెల్లదు. భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బూ తిరిగి రాదు. మా తోడల్లుడు నా మాట వినకుండా అడ్వాన్సు ఇచ్చాడు. బ్రోకరు ఇప్పుడు ఫోనెత్తడు.

పైగా పల్లె భూములు చాలావరకు వంశం మొత్తానివి. మన ఉమ్మడి ఆస్తిలాగే, ఒక్కడి సంతకంతో పని జరగదు.